చిన్న ఊరి క్లినిక్‌లో ఫ్యామిలీ నర్స్ ప్రాక్టీషనర్: మొదటి ఏడాది గట్టెక్కడం ఎలా

మా క్లినిక్ నుంచి ఎమర్జెన్సీ ఉన్న చిన్న ఆసుపత్రికి 38 మైళ్ళు. గుండెకు స్టెంట్ వేయగలిగే ఆసుపత్రికి 140 మైళ్ళు. అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రం పడమటి వైపు, శాండ్‌హిల్స్ అనే గడ్డి దిబ్బల ప్రాంతం మాది. మనుషుల కన్నా ఆవులు ఎక్కువ. ఇక్కడికి వచ్చి తొమ్మిదేళ్ళయింది. కొత్తలో రాత్రిళ్ళు మందుల డోసులు బట్టీ పట్టేదాన్ని. ముందు నేర్చుకోవలసింది ఈ రెండు అంకెలని తెలియడానికి ఒక శీతాకాలం పట్టింది.

నర్సింగ్ చేసి ఇక్కడికొచ్చి ఎఫ్.ఎన్.పి. (ఫ్యామిలీ నర్స్ ప్రాక్టీషనర్, అంటే పేషెంట్లను చూసి మందులు రాసే నర్సు) చదువుతున్న మనవాళ్ళు పల్లె ఉద్యోగం గురించి ఫోన్లో అడుగుతుంటారు. వాళ్ళకు విడివిడిగా చెప్పేదంతా ఇక్కడ రాస్తున్నాను.

చదువు సంగతి క్లుప్తంగా చెప్పేస్తాను. ఆర్.ఎన్. (రిజిస్టర్డ్ నర్స్) లైసెన్సు ఉండాలి, దాని మీద మాస్టర్స్ గానీ డి.ఎన్.పి. (నర్సింగ్‌లో డాక్టరేట్) గానీ చెయ్యాలి. 2022లో వచ్చిన జాతీయ ప్రమాణాల ప్రకారం పేషెంట్లను నేరుగా చూసే శిక్షణ కనీసం 750 గంటలు. తర్వాత సర్టిఫికెట్ ఇచ్చే రెండు సంస్థల్లో ఒకదాని పరీక్ష, ఎ.ఎన్.సి.సి. గానీ ఎ.ఎ.ఎన్.పి.సి.బి. గానీ రాయాలి. ఏది రాసినా ఉద్యోగానికి తేడా లేదు. ఏ పరీక్ష రాస్తారన్న దానికన్నా ఆ 750 గంటలు ఎక్కడ చేస్తారన్నది ముఖ్యం. నేను నా గంటలన్నీ సిటీలో చేశాను. పిల్లల చెవి నొప్పులు వందల్లో చూశాను గానీ, ముళ్ళకంచెకు చీరుకుపోయిన చెయ్యి ఒక్కటి కూడా కుట్టలేదు. ఇక్కడ చేరిన మూడో రోజే అలాంటి చెయ్యి వచ్చింది. కనీసం సగం గంటలైనా పల్లె క్లినిక్‌లో చెయ్యండి.

రాష్ట్రాన్ని బట్టి మన అధికారం మారుతుంది. టెక్సస్‌లో మందు రాయాలంటే డాక్టరుతో ఒప్పందం ఉండాలి. నెబ్రాస్కాలో 2015లో చట్టం మార్చారు. మొదటి 2,000 గంటలు, అనుభవం ఉన్న డాక్టరు లేదా నర్స్ ప్రాక్టీషనర్ పర్యవేక్షణలో చేస్తే, ఆ తర్వాత సొంతంగా చూడొచ్చు. ఈ 2,000 గంటలను అడ్డంకి అనుకోకండి. పర్యవేక్షించే మనిషి ఫోన్ ఎత్తే రకమా కాదా అన్నది ఒప్పందం మీద సంతకం పెట్టే ముందే కనుక్కోండి. నాకు దొరికిన పెద్దావిడ తెల్లవారుజామున నాలుగింటికి కూడా ఫోన్ ఎత్తేది. అప్పటికే దూడల పని మీద లేచి ఉండేదనుకోండి.

ఉద్యోగం ఇప్పించే ఏజెంట్లు అరచేతిలో వైకుంఠం చూపిస్తారు. జీతం గురించి తర్వాత మాట్లాడొచ్చు. ముందు ఈ ప్రశ్నలు అడగండి: నేను సెలవులో ఉంటే ఎవరు చూస్తారు? ఎక్స్‌రే వారంలో ఎన్ని రోజులు? రక్తపు శాంపిళ్ళు తీసుకెళ్ళే బండి ఎన్నింటికి వస్తుంది? మొదటి మూడు నెలల్లో రోజుకు ఎంతమందిని చూడమంటారు? చివరి ప్రశ్నకు "మెల్లగా పెంచుకుందాం" అంటే ఆ మాట కాంట్రాక్టులో అంకెలతో రాయించుకోండి.

అది రూరల్ హెల్త్ క్లినిక్‌గా గుర్తింపు ఉన్న క్లినిక్ అయితే మీకు కొంత బలం ఉంటుంది. ఈ క్లినిక్‌లు 1977 చట్టంతో వచ్చాయి. క్లినిక్ తెరిచి ఉన్న సమయంలో కనీసం సగంసేపు నర్స్ ప్రాక్టీషనర్ లాంటివాళ్ళు అందుబాటులో ఉండాలన్నది నియమం, అంటే మీలాంటివాళ్ళు లేకపోతే వాళ్ళకు గుర్తింపే ఉండదు. మామూలు క్లినిక్‌లో మెడికేర్ (ముఖ్యంగా పెద్దవాళ్ళకు ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) మనకు డాక్టరు ఫీజులో 85 శాతమే ఇస్తుంది. ఈ గుర్తింపు ఉన్న చోట విజిట్‌కు ఇంత అని ఒకటే రేటు, చూసింది డాక్టరైనా మనమైనా. జీతం బేరమాడేటప్పుడు ఈ సంగతి మీకు తెలుసని వాళ్ళకు తెలియాలి. చదువు అప్పు ఉన్నవాళ్ళకు నేషనల్ హెల్త్ సర్వీస్ కోర్ పథకం ఉంది. వైద్యుల కొరత ఉన్న చోట రెండేళ్ళు ఫుల్ టైమ్ పనిచేస్తే అప్పు కడతారు. 2024లో ఆ మొత్తాన్ని 75,000 డాలర్ల దాకా పెంచారు. కానీ దానికి అమెరికా పౌరసత్వం ఉండాలి. గ్రీన్ కార్డు చాలదు. ఇది ముందే తెలియక ఇల్లు కొనేసి నెత్తి కొట్టుకున్నవాళ్ళను చూశాను.

ఇక అసలు పని. చేరిన మొదటి వారంలోనే ఒక పట్టిక వేసుకోండి. గుండెపోటు, పక్షవాతం, కాన్పు నొప్పులు, పిల్లల ఆయాసం, కాలిన గాయాలు, ఆత్మహత్య ఆలోచన: ఒక్కోదాని ఎదురుగా ఎక్కడికి పంపాలి, ఎవరికి ఫోన్ చెయ్యాలి, ఎంతసేపు పడుతుంది. "ఎంతసేపు" దగ్గర రెండు గడులు పెట్టండి, ఒకటి మామూలు రోజుకి, ఒకటి మంచు రోజుకి. నాది ఇప్పటికీ పరీక్ష గది తలుపు వెనక అంటించి ఉంది.

గుండెపోటునే తీసుకోండి. ఈ.సి.జి.లో స్పష్టంగా తేలిన గుండెపోటుకు రెండు గంటల్లోపు స్టెంట్ వేయించలేకపోతే, రక్తపు గడ్డ కరిగించే మందు ముందుగా ఇవ్వాలి. 140 మైళ్ళు రోడ్డు మీద వెళ్ళి ఆ రెండు గంటల్లో పనయ్యేది కాదు. అందుకని మా పేషెంట్‌కు 38 మైళ్ళ ఆసుపత్రిలో మందు, అక్కడి నుంచి హెలికాప్టర్. నా వంతు పని పది నిమిషాల్లో ఈ.సి.జి. తీయడం, 81 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ నాలుగు నమిలించడం, ఐ.వి. పెట్టడం, అంబులెన్స్ కదలకముందే ఆ ఆసుపత్రితో మాట్లాడి హెలికాప్టర్‌ను బయల్దేరదీయించడం. మా అంబులెన్స్ వాళ్ళు జీతగాళ్ళు కారు, వాలంటీర్లు. ఒకాయనకు దాణా షాపు ఉంది, ఒకావిడ బడిలో వంట చేస్తుంది. పేజర్ మోగాక చేతిలో పని వదిలి వచ్చి బండి తియ్యాలి. ఆ పది పదిహేను నిమిషాలూ పట్టికలో కలపండి. నెలకోసారి వాళ్ళు ప్రాక్టీస్ చేసే రోజున మీరూ వెళ్ళి కూర్చోండి. పేర్లు తెలిసి ఉంటే ఫోన్లో సగం మాటలు ఆదా అవుతాయి.

మంచు గడి ఎందుకంటే, నా మొదటి శీతాకాలంలో ఒక శుక్రవారం సాయంత్రం నాలుగింటికి పదహారేళ్ళ కుర్రాడు వచ్చాడు. బొడ్డు చుట్టూ కొద్దిగా నొప్పి, జ్వరం లేదు, పొట్ట మెత్తగానే ఉంది. సిటీలో నేర్చుకున్న మాటే చెప్పాను: "ఎక్కువైతే ఎమర్జెన్సీకి వెళ్ళండి." రాత్రికి నొప్పి కుడి పక్కకు దిగింది. అప్పటికే తుఫాను మొదలై రోడ్డు మూసేశారు. మర్నాడు మధ్యాహ్నం ముందు మంచు తీసే బండి, వెనక అంబులెన్స్, అలా తీసుకెళ్ళారు. అపెండిక్స్ పగిలిపోయింది. బతికాడు, ఇప్పుడు తండ్రితో కలిసి రాంచ్ (పశువులు పెంచే పెద్ద పొలం) చూసుకుంటున్నాడు. తప్పు నాదే. పరీక్ష సరిగ్గానే చేశాను, కిటికీలోంచి బయటికి చూడలేదు. ఆ రోజు నుంచి "ఎక్కువైతే" అనే మాట నోట్లోంచి వచ్చే ముందు, ఈ రాత్రి రోడ్డు తెరిచి ఉంటుందా అని చూస్తాను. అనుమానం ఉంటే వెలుతురు ఉండగానే పంపేస్తాను, లేదా ఆసుపత్రి పక్కన చుట్టాలెవరైనా ఉంటే ఆ రాత్రికి అక్కడ పడుకోమంటాను. ఊరికే పంపినట్టయిందని అక్కడి డాక్టరు విసుక్కుంటే విసుక్కోనివ్వండి.

అలాగని ప్రతిదానికీ పంపితే జనం మీ దగ్గరకు రావడమే మానేస్తారు. రానుపోను 76 మైళ్ళు, ఒక పూట పని పోతుంది. చీలమండ బెణికినవాళ్ళ విషయంలో నేను ఒట్టావా నియమాలు కచ్చితంగా పాటిస్తాను: నాలుగడుగులు వెయ్యగలిగి, చెప్పిన చోట్ల ఎముక మీద నొక్కితే నొప్పి లేకపోతే ఎక్స్‌రే అక్కర్లేదు. మా ఎక్స్‌రే మంగళ, గురువారాల్లోనే. మిగతా రోజుల్లో నా వేళ్ళే దిక్కు.

లాబ్ విషయంలో ఒక దెబ్బ తిన్నాను, మీరు తినకండి. రాత్రి తొమ్మిదింటికి లాబ్ నుంచి ఫోన్, ఒక పెద్దాయనకు పొటాషియం 6.3 అని, అంటే గుండెకు ప్రమాదమయ్యేంత ఎక్కువ. ఆయన్ను నిద్రలేపి, చీకట్లో ఆసుపత్రికి పంపాను. అక్కడ మళ్ళీ చూస్తే 4.4, మామూలే. ఏం జరిగిందంటే, పొద్దున తీసిన రక్తాన్ని సెంట్రిఫ్యూజ్‌లో తిప్పకుండా అలాగే ఫ్రిజ్‌లో పెట్టారు, బండి ఆలస్యంగా వచ్చింది. కణాలను వేరు చెయ్యకుండా చల్లగా ఉంచితే వాటిలోని పొటాషియం బయటికి కారుతుంది. గడ్డ కట్టడానికి అరగంట ఆగి, రెండు గంటల్లోపు తిప్పి, ఆ తర్వాతే ఫ్రిజ్. ఇది మీ అసిస్టెంట్ చూసుకుంటుందిలే అనుకోకండి. మొదటి నెల మీరే పక్కన నిలబడి చూడండి. వ్యాక్సిన్ల ఫ్రిజ్ కూడా అంతే, 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ దాటకూడదు. శని, ఆదివారాల్లో కరెంటు పోతే ఎవరికి ఫోన్ వస్తుందో తేల్చుకోండి. ఎవరూ లేకపోతే మీకే వచ్చేలా పెట్టుకోండి.

చలికాలంలో ఇన్సులిన్ పని చెయ్యడం లేదంటే డోసు పెంచే ముందు ఒక ప్రశ్న వెయ్యండి: అది ఇంటికి ఎలా వస్తుంది? ఇక్కడ చాలామందికి మందులు పోస్టులో వస్తాయి. పోస్టు డబ్బా ఇంటి గుమ్మంలో ఉండదు, మట్టిరోడ్డు చివర మైలు దూరంలో ఉంటుంది. మూడు రోజులకోసారి తీస్తారు. గడ్డకట్టి కరిగిన ఇన్సులిన్‌ను పారెయ్యాల్సిందే. చూడ్డానికి మామూలుగానే ఉన్నా నమ్మకూడదు. నేనొకావిడకు రెండుసార్లు డోసు పెంచాను. తర్వాత కొత్త బాటిల్ సరైనది వచ్చి, షుగర్ 48కి పడిపోయింది. పక్కింటావిడ అప్పుడే రావడం ఆమె అదృష్టం, నా అదృష్టం కూడా.

పశువుల మందుల గురించి మనకు స్కూల్లో చెప్పరు. ఇక్కడ మాత్రం తెలిసి తీరాలి. ఆవుల ఊపిరితిత్తుల జబ్బుకు వాడే టిల్మికోసిన్, మైకోటిల్ పేరుతో అమ్ముతారు. ఆవు తన్ని సూది మనిషికి గుచ్చుకుంటే గుండె మీద దెబ్బ కొడుతుంది, ప్రాణం పోవచ్చు, విరుగుడు లేదు. గుచ్చుకున్న చోట ఐస్ పెట్టి, పాయిజన్ కంట్రోల్ 1-800-222-1222కి ఫోన్ చేస్తూనే, గుండె మానిటర్ ఉన్న చోటికి వెంటనే పంపాలి. "కొంచెమే పోయింది" అంటారు. ఎంత పోయిందో వాళ్ళకూ తెలియదు. సీసా వెంట పంపండి. దూడలకు వేసే బ్రుసెల్లా (పశువుల నుంచి మనుషులకూ సోకే జబ్బు) టీకా ఆర్.బి.51 గుచ్చుకున్నా ఊరుకోకూడదు. మామూలుగా బ్రుసెల్లాకు ఇచ్చే రిఫాంపిన్ అనే యాంటీబయాటిక్ ఆ రకం మీద పనిచెయ్యదు. మా ఊరి పశువుల డాక్టరు దగ్గర ఒక మధ్యాహ్నం కూర్చుని, ఈ చుట్టుపక్కల వాడే మందులన్నీ రాసుకున్నాను. నా చదువులో అంత పనికొచ్చిన క్లాసు ఇంకోటి లేదు. గాయాలకు ధనుర్వాతం టీకా లెక్క కూడా మర్చిపోవద్దు: శుభ్రమైన చిన్న గాయానికి పదేళ్ళు, పేడ, మట్టి అంటిన గాయానికి ఐదేళ్ళు. ఇక్కడ మొదటి రకం గాయం నాకింతవరకు కనబడలేదు.

రాంచ్ మగవాళ్ళు నొప్పి చెప్పుకోరు. "ఎందుకొచ్చారు?" అంటే "మా ఆవిడ పంపింది" అంటారు. ఈ మాట విన్నాక తొందరపడకండి. అలా అన్నవాళ్ళలో ఒకరికి పెద్దపేగు క్యాన్సర్, ఒకరికి వారం కిందటి గుండెపోటు బయటపడ్డాయి. ఆవిడకు ఫోన్ చెయ్యడానికి ఆయన అనుమతి అక్కడికక్కడే అడగండి. సగం రోగచరిత్ర ఆవిడ దగ్గరే ఉంటుంది.

మనసు బాగాలేదని అసలే అనరు. "నిద్ర పట్టడం లేదు" అంటారు. పి.హెచ్.క్యు.-9 (కుంగుబాటు కనిపెట్టే తొమ్మిది ప్రశ్నల) కాగితం అందరికీ ఇస్తాను. చావు ఆలోచనల గురించి అడిగే తొమ్మిదో ప్రశ్నకు సున్నా పెట్టినా నోటితో మళ్ళీ అడుగుతాను. ఒకాయన బి.పి. చూపించుకోవడానికి వచ్చి, తన గుర్రాన్ని పక్క రాంచ్ కుర్రాడికి ఇచ్చేశానని మాటల్లో అన్నాడు. మనిషి తనకు ప్రాణమైనవి పంచేస్తుంటే అది ప్రమాద సూచన. స్టెతస్కోప్ పక్కన పెట్టి కుర్చీ దగ్గరికి లాక్కున్నాను. ఇక్కడ ప్రతి ఇంట్లో తుపాకి ఉంటుంది. దాన్ని తప్పుపట్టినట్టు మాట్లాడితే సంభాషణ అక్కడితో ముగుస్తుంది. "ఈ నెల రోజులు మీ తమ్ముడి ఇంట్లో పెడదామా, నేను ఫోన్ చెయ్యనా?" అని అడిగాను. ఒప్పుకున్నాడు. ఆత్మహత్య ఆలోచనలున్నవాళ్ళు ఫోన్ చేసే 988 నంబరు 2022 జులై నుంచి దేశమంతా ఉంది, అదీ ఇస్తాను. కానీ నంబరు ఇచ్చి ఊరుకోకుండా మర్నాడు నేనే ఫోన్ చేస్తాను.

పల్లెలో గుట్టు నిలపడం హిపా (రోగుల వివరాల గోప్యత) చట్టం చదివినంత తేలిక కాదు. క్లినిక్ ముందు ఏ ట్రక్కు ఆగిందో చూసి, లోపల ఎవరున్నారో ఊరంతా చెప్పగలదు. అందుకే వెనక తలుపు వాడుకోనిస్తాను. మా రిసెప్షనిస్టు ఊళ్ళో సగంమందికి చుట్టం. మంచి మనిషే, కానీ చుట్టాల ఫైలు తెరవకూడదన్న నియమం మొదటి రోజే కూర్చోబెట్టి చెప్పాలి, ఎవరు ఏ ఫైలు తెరిచారో కంప్యూటర్లో కనిపిస్తుందని కూడా చెప్పాలి. వయసు పిల్లలు ఏదైనా గోప్యంగా పరీక్ష చేయించుకోవడానికి వస్తే, ఇన్సూరెన్స్ కంపెనీ నుంచి ఇంటికి కాగితం వెళ్తుందని ముందే హెచ్చరించండి. మనం నోరు మూసుకున్నా ఆ కాగితం మాట్లాడేస్తుంది.

కిరాణా షాపులో మిమ్మల్ని ఆపి రిపోర్టు గురించి అడుగుతారు, చొక్కా ఎత్తి దద్దుర్లు కూడా చూపిస్తారు. నేను అనేది ఒకటే: "సోమవారం ఎనిమిదింటికి ఫోన్ చెయ్యండి, మీ ఫైలు ముందు పెట్టుకుని మాట్లాడతాను." నవ్వుతూనే అంటాను. క్లినిక్ బయట ప్రిస్క్రిప్షన్ రాయను, ముఖ్యంగా నిద్ర మాత్రలు, నొప్పి మాత్రలు. మొహమాటానికి ఒక్కసారి రాస్తే వారంలో పది మందికి తెలుస్తుంది. ఒకటి రెండు స్నేహాలు దీనివల్ల చల్లబడ్డాయి. ఏం చేస్తాం.

మిమ్మల్ని డాక్టర్ అని పిలుస్తారు. ప్రతిసారీ సరిదిద్దండి: "నేను నర్స్ ప్రాక్టీషనర్‌ని." డి.ఎన్.పి. ఉన్నా సరే. యాస గురించి దిగులు పడకండి. మొదటి నెలలో ముగ్గురు పెద్దవాళ్ళు నా ఇంగ్లీషు అర్థం కావడం లేదన్నారు. చూస్తే ఇద్దరి చెవుల నిండా గుబిలి. తీసేశాక నా యాస అద్భుతంగా బాగుపడింది. మూడో ఆయనకు ఇప్పటికీ అర్థం కాదు, భార్యను వెంట తెచ్చుకుంటాడు.

స్పెషలిస్టుకు ఫోన్ చేసినప్పుడు కథ మొదటి నుంచి చెప్పకండి. ఏం కావాలో మొదటి వాక్యంలోనే ఉండాలి: "ఈమెను ఇవాళ మీరు చూడాలా, వారం ఆగొచ్చా అన్నది నాకు కావాలి." తర్వాత వయసు, అంకెలు, మీ అనుమానం. చివర్లో దూరం చెప్పండి. "రెండు రోజుల తర్వాత మళ్ళీ రమ్మనండి" అనేవాళ్ళకు 140 మైళ్ళని చెబితే సలహా మారిపోవడం ఎన్నోసార్లు చూశాను.

ఇంకొక్కటి. నెబ్రాస్కా రెండు టైమ్ జోన్ల రాష్ట్రం. మాది మౌంటెన్ టైమ్, తూర్పున పెద్ద ఆసుపత్రులన్నీ సెంట్రల్, అంటే మాకన్నా గంట ముందు. పది గంటల అపాయింట్‌మెంట్ అని కాగితం మీద చూసి, మూడు గంటలు బండి నడిపి, తన గడియారం ప్రకారం సరిగ్గా పదింటికి చేరిన ఒక ముసలాయన్ను గంట ఆలస్యమని వెనక్కి పంపేశారు. మళ్ళీ దొరికింది ఆరు వారాల తర్వాత. అప్పటి నుంచి మా కౌంటర్ వెనక రెండు గడియారాలున్నాయి. రిఫరల్ కాగితం మీద అపాయింట్‌మెంట్ టైమ్ కొట్టేసి, "మీ గడియారంలో 9" అని పెద్ద అక్షరాలతో రాస్తాం, కింద ఇంటి దగ్గర ఎన్నింటికి బయల్దేరాలో కూడా.